విజ్ఞానశాస్త్రము నేర్పు పాఠశాల యేది?

వేసవి సమీపించుసరికి మన పట్టణములలోని గోడలకును, ఆటోరిక్షాల వెనుకభాగములకును క్రొత్త యలంకారములు వచ్చును. బాలబాలికల ముఖచిత్రములు, వాని క్రింద సంఖ్యలు, ఆ సంఖ్యల క్రింద పాఠశాల పేరు. ఐఐటీ, నీట్, ఒలింపియాడు అను మాటలలో నొకటియైన లేని ప్రకటన నేడు కానవచ్చుట యరుదు. ఆఱవ తరగతి బాలునికి సైతము "ఫౌండేషను" అను పేర ఐఐటీకి పునాది వేయుచున్నారట. ఈ ప్రకటనలను జూచి తల్లిదండ్రులు తమ బిడ్డకు విజ్ఞానశాస్త్రము చక్కగా బోధింపబడునని నమ్మి, అప్పుసప్పులు చేసి రుసుములు చెల్లించుచున్నారు. వారి యాశను మేము పరిహసింపము. బిడ్డ బాగుపడవలెనని కోరని తల్లిదండ్రులెవరు? మా ప్రశ్న యొక్కటియే. వారు వెల యిచ్చి కొనుచున్నది విజ్ఞానశాస్త్రమేనా?

ముందుగా ఆ పరీక్షల స్వరూప మెట్టిదో చూతము. 2025వ సంవత్సరమున జరిగిన నీట్ పరీక్షలో 180 ప్రశ్నలకు 180 నిమిషములు గడు వొసగిరి. ప్రశ్న కొక్క నిమిషము. ప్రతి ప్రశ్నకును నాలుగు సమాధానములు ముద్రింపబడియుండును. వానిలో ఒకదానిని గుర్తింపవలెను. లక్షలకొలది విద్యార్థులలోనుండి కొలదిమందిని ఏఱుటకు ఇట్టి పరీక్ష యవసరము కావచ్చును. దాని నిచ్చట మేము నిందింపబోము. కాని నిమిషమున కొకటి చొప్పున గుర్తుపెట్టుటలో ఆఱేండ్లు తరిఫీదు పొందిన బాలునికి విజ్ఞానశాస్త్రము వచ్చినదనుట, పద్దులు వేగముగ కూడ నేర్చినవానికి వర్తకము వచ్చినదనుట వంటిది.

"పోటీపరీక్షలో నెగ్గకున్న మా పిల్లవానికి దారి యేది?" అని మమ్ము నడుగువారు గలరు. న్యాయమైన ప్రశ్నయే. కాని ఆ పరీక్షలు పదునేడవ యేటనో పదునెనిమిదవ యేటనో వచ్చును. పదునొకండవ యేట బాలుడు పాత గడియారమును విప్పి చూచును. చీమల బారు వెంట పోవును. మెఱుపు ముందును ఉఱుము వెనుకను వచ్చుటేమని యడుగును. ఆ వయస్సు గడచిన మరల రాదు. ఇంటర్మీడియేటునందలి రెండేండ్ల తరిఫీదు తప్పనిదే యనుకొన్నను, దానిని ఆఱవ తరగతికి దింపుటకు మాకు కారణము కానరాదు. దారమునకు రాయి కట్టి లోలకముగా నూపి, మీటరు పొడవు దారమునకు ఒక్క యూపు పోయివచ్చుటకు సుమారు రెండు సెకండ్లు పట్టునని స్వయముగా లెక్కించిన బాలునికి, ఆపైన వచ్చు సూత్రము చుట్టమువలె కనబడును. ఊపి యెఱుగనివానికి అది కంఠస్థము చేయవలసిన మఱియొక పంక్తి. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషను పరీక్షను మూడవసారిగాని గట్టెక్కలేదు. మన సముద్రతీరపు జిల్లాలను తరతరములుగా పీడించిన బోదకాలునకు మందగు హెట్రజాన్ వారి నాయకత్వమున జరిగిన పరిశోధనలనుండియే వెలువడెను. పరీక్ష తప్పుట ప్రతిభకు గుర్తని మేమనుట లేదు. ర్యాంకుల సంఖ్యనుబట్టి పాఠశాలను కొలుచువారు ఈ యుదాహరణమును కొంత యాలోచింపవలెనని మాత్రమే మా మనవి.

అట్లయిన దేనినిబట్టి కొలువవలెను? మా యనుభవము నొకదానిని చెప్పెదము. ఇటీవల ఒక మిత్రుని కుమార్తెను ఎనిమిదవ తరగతిలో చేర్చుటకై వారితో గూడ నొక పేరుపొందిన పాఠశాలకు పోయియుంటిమి. చల్లని గదిలో కూర్చుండబెట్టి, తెరపై బొమ్మలు చూపి, గత సంవత్సరపు విజయములను వివరించిరి. అంతయు విని, "ప్రయోగశాల నొకసారి చూపెదరా?" యని యడిగితిమి. ఆ యధికారి ముఖమున ఆశ్చర్యము కనబడెను. ఆ ప్రశ్న వారి నంతవఱకెవరు నడిగినట్లు లేదు. తాళపుచెవి గుమాస్తాయొద్ద నున్నదనిరి. గుమాస్తా బ్యాంకుకు పోయెననిరి. అరగంటకు తలుపు తెఱచిరి. బల్లలు నిగనిగలాడుచుండెను. సీసాలు వరుసగా నుండెను. వాని బిరడాలు మాత్రము ఏనాడును తీసిన జాడ లేదు. కుళాయి త్రిప్పగా నీరు రాలేదు. సూక్ష్మదర్శినులు రెండు, తొడుగులతో సహా, అద్దపు బీరువాలో నుండెను. ఆ బీరువాకు వేఱొక తాళము! మా మిత్రుని కుమార్తె తండ్రి చెవిలో "నాన్నా, ఇది ప్రదర్శనశాలయా?" యనెను.

కావున తల్లిదండ్రులకు మా మొదటి సలహా యిది. ఉత్సవదినమున గాక, మామూలు పనిదినమున పోవుడు. ప్రయోగశాలయందలి వస్తువులను లెక్కించుటకంటె వాని యరుగుదలను చూడుడు. మసిబారిన పరీక్షనాళికలు, ఆమ్లపు మచ్చలు పడిన బల్ల, చిరిగిన లిట్మసు కాగితపు ముక్కలు, విఱిగిన గాజుకడ్డీల డబ్బా, ఇవి శుభలక్షణములు. నలువదిమంది బాలురకు త్రాసు ఒక్కటియా, నలుగురికి ఒక్కటియా యని యడుగుడు. ఉపాధ్యాయుడు తాను చేసి చూపునా, లేక బాలురే చేయుదురా? ఉల్లిపొరను సూక్ష్మదర్శినిలో తన కంటితో చూచిన బాలిక యెవతెయైన నొక్కతెను పిలిచి, ఏమి కనబడినదో బొమ్మ గీయుమనుడు. పుస్తకమునందలి చక్కని యిటుకల గోడవంటి బొమ్మను గీసిన సందేహింపవలెను. గాలిబుడగలును, మడతపడిన పొరయు, ఒక మూల మసకయు గీసిన, ఆమె చూచినదని నమ్మవచ్చును.

రెండవది ప్రయోగముల రికార్డు పుస్తకము. దీనినిగూర్చి మేము కొంత విస్తరించి వ్రాయుటకు పాఠకులు మన్నింతురుగాక. ఇది మా వృత్తికి దగ్గఱి విషయము. న్యాయస్థానమున ఒకే సంఘటననుగూర్చి నలుగురు సాక్షులు ఒకే మాటలతో, ఒకే వరుసలో చెప్పిరేని, వారికెవరో పాఠము చెప్పిరని న్యాయాధిపతి గ్రహించును. నిజముగా చూచినవారి సాక్ష్యములలో చిల్లర భేదములుండి తీరును. కుంభాకార కటకపు నాభ్యంతరమును కనుగొను ప్రయోగమును తీసికొందము. కటకమును, తెరను, దూరపు కిటికీని పెట్టుకొని కొలిచిన నలువదిమంది బాలురలో ఒకనికి 9.7 సెంటీమీటర్లు రావచ్చును, మఱియొకనికి 10.2, తొందరపడినవానికి 11. నలువది పుస్తకములలోను 10.0 అని యున్నచో, అది నలువదిమంది కూటసాక్ష్యము. తెల్లబల్లపై నున్నదానిని చూచి వ్రాసిరి. దానిపై ఉపాధ్యాయుని యెఱ్ఱసిరా సంతకమును, "మంచిది" అను మాటయు నుండును! బాలునికి పండ్రెండవ యేటనే చూడనిదానిని చూచితినని వ్రాసి సంతకము చేయుట నేర్పబడుచున్నది. ఇంటర్మీడియేటునందు భౌతికశాస్త్రమునకును రసాయనశాస్త్రమునకును ఒక్కొక్కదానికి 30 మార్కులు చొప్పున ప్రయోగపరీక్షకు చిరకాలముగా కేటాయింపబడి యున్నవి. ఆ మార్కులు ఎంత యుదారముగా పంచబడుచున్నవో చదువరు లెఱుగుదురు. పాఠశాలలో వేసిన విత్తే యచ్చట పండుచున్నది. కావున పాఠశాల చూడబోయిన తల్లిదండ్రులు ఒకే తరగతివి మూడు రికార్డు పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. అంకెలు వేఱువేఱుగా నుండి, ఎక్కడనో ఒకచోట "మాకు రాలేదు" అని బాలుడు వ్రాసియుండి, ఉపాధ్యాయుడు దానిని కొట్టివేయక కారణమేమో వ్రాయుమని ప్రక్కన సూచించి యుండెనా, మఱి విచారింపక ఆ బడిలో చేర్పుడు.

ఉపాధ్యాయుని సంగతి. భౌతికశాస్త్రమును బోధించువారు ఆ శాస్త్రమున పట్టము పొందినవారేనా, ఆ బడిలో ఎన్నేండ్లనుండి యున్నారు, ఏడాది నడుమ మాఱుచున్నారా యను మూడు ప్రశ్నలు చాలును. జీతము తక్కువయై ఆఱు నెలలకొక ఉపాధ్యాయుడు మాఱు పాఠశాలలో బల్లలెంత నిగనిగలాడినను ప్రయోజనము సున్న. ఏ బోర్డు అను చర్చయు నిట్టిదే. కేంద్రబోర్డు, రాష్ట్రబోర్డు అని తల్లిదండ్రులు నెలలకొలది తర్కించుకొందురు. బోధించు మనుష్యుని చూడక పాఠ్యపుస్తకపు అట్టను చూచుట మేలా?

ఇక చట్టము మాట. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. దాని 13వ సెక్షను ప్రకారము, ఆఱు మొదలు పదునాలుగేండ్ల లోపు బాలుని ఎనిమిదవ తరగతివఱకు చేర్చుకొనునపుడు పరీక్షించి వడపోయుట నిషిద్ధము. మొదటి తప్పునకు 25,000 రూపాయలవఱకును, ఆ తరువాత ప్రతి తప్పునకు 50,000 రూపాయలవఱకును జరిమానా. అల్పసంఖ్యాకుల విద్యాలయములను, నవోదయములవంటి ప్రత్యేకవర్గపు పాఠశాలలను అటుంచుడు. సామాన్యమగు పాఠశాలలు "ఫౌండేషను" తరగతి పేర ఆఱవ తరగతి పసివానిని పరీక్షించి చేర్చుకొనుట ఏ న్యాయమో మాకు బోధపడదు. అదే చట్టపు అనుబంధమును మఱియొక దృష్టితోను చదువవలెను. పాఠశాలకు గ్రంథాలయ ముండవలెనని అందు గలదు. ఆటస్థలము, వంటగది, ప్రహరీగోడ, మంచినీరు కలవు. ప్రయోగశాల యను మాట మాత్రము లేదు! 1964 మొదలు 1966 వఱకు విచారణ జరిపిన కొఠారీ సంఘము మొదటి పది సంవత్సరములును విజ్ఞానశాస్త్రమును గణితమును ఎల్లరకు తప్పనిసరిగా బోధింపవలెనని సిఫారసు చేసెను. నలుబదియేండ్ల కనంతరము వచ్చిన చట్టమున ఎనిమిదవ తరగతివఱకు ఒక్క త్రాసునకైన చోటు దొరకలేదు.

"ప్రయోగములకు ధనము కావలెను, అది పెద్ద బడులకే సాధ్య"మను భ్రమ యొకటి మనలో నాటుకొనియున్నది. దీనికి సమాధానము మధ్యప్రదేశమున దొరకును. హోషంగాబాదు జిల్లాలో (2022లో నర్మదాపురమని పేరు మార్చిరి) కిశోర భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటరు అను రెండు సంస్థలు 1972లో 16 మాధ్యమిక పాఠశాలలను గైకొని, విజ్ఞానశాస్త్రమును ప్రయోగములద్వారా నేర్పుటకు పూనుకొనెను. ఢిల్లీ విశ్వవిద్యాలయమునుండియు, బొంబాయిలోని టాటా పరిశోధనసంస్థనుండియు శాస్త్రజ్ఞులు వచ్చి పల్లెటూరి ఉపాధ్యాయులతో కలిసి నేలపై కూర్చుండి పనిచేసిరి. బాలురు నలుగురేసి జట్లుగా చేరి ప్రయోగము చేయుదురు, చూచినది వ్రాయుదురు, తర్కింతురు. వారి పుస్తకమున ప్రశ్నలుండును, సమాధానము లుండవు. పరీక్షకు పుస్తకమును వెంట తెచ్చుకొనవచ్చును. ఏలయన కంఠస్థమైనదానిని అచ్చట నడుగరు. 1978లో ఈ పద్ధతి జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నింటికి వ్యాపించెను. అవి పేద గ్రామములలోని సర్కారు బడులు. అగ్గిపుల్లలతోను, సైకిలు రబ్బరుగొట్టపు ముక్కలతోను ఆటవస్తువులు చేసి విజ్ఞానము నేర్పు అరవింద గుప్తాగారు పనిచేసిన క్షేత్రములలో అదియు నొకటి. ముప్పదియేండ్లు సాగిన ఆ కార్యమును 2002లో ప్రభుత్వ మొక్క యాజ్ఞతో నిలిపివేసెను. మార్కులకంటె మిన్నయైన దేదియో తమ బిడ్డలకు లభించుచున్నదని దేశమునందలి చదువుకొన్నవారు గొంతెత్తి పలికియుండిన, ఆ యాజ్ఞ యంత సులభముగ నిలుచునా?

మన ప్రాంతమునకే వత్తము. ఒక కఱ్ఱను నేలలో నిలువుగా పాతి, నీడను కొలుచుటకు కాసు ఖర్చు లేదు. మధ్యాహ్నమున సూర్యుడు నడినెత్తిన నుండునని మన మెల్లరము వాడుకగా చెప్పుదుము. నీడను కొలిచిన బాలుడు దీనిని తప్పుపట్టును. హైదరాబాదులో సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చి, నిలువు కఱ్ఱకు నీడ లేకుండు దినములు ఏడాదికి రెండే, మే రెండవ వారమున నొకటియు ఆగస్టు మొదటి వారమున నొకటియు. అదియు గాక, మన గడియారముల కాధారమగు 82½ డిగ్రీల రేఖ కాకినాడ చెంతగా పోవుచున్నది. హైదరాబాదు దానికి నాలుగు డిగ్రీలు పడమట నుండుటచే అచ్చట పొద్దు నడిమింటికి వచ్చుట కాకినాడకంటె సుమారు పావుగంట యాలస్యము. ఈ రెంటిని కాకినాడ బాలుడొకడును, హైదరాబాదు బాలుడొకడును రెండు కఱ్ఱలతో తేల్చవచ్చును. మఱి 20 లక్షల రూపాయలవఱకు సహాయమిచ్చి 2016 మొదలు కేంద్రప్రభుత్వము నెలకొల్పించుచున్న అటల్ టింకరింగు ప్రయోగశాలలు వలదా? వలయును. మీ యూరి బడికి అట్టిది యొకటి వచ్చియున్న, అది వారమునకెన్ని గంటలు తెఱవబడుచున్నదో తెలిసికొనుడు.

ఆడుబిడ్డల విషయమున ఒక మాట. కుమారునికి ప్రయోగశాల గల దూరపు పాఠశాలను, కుమార్తెకు ఇంటిదగ్గఱి పాఠశాలను వెదకు తండ్రులు నేటికిని గలరు. మన విశాఖపట్టణమున బాల్యమున చదివి, పదునొకండవ యేట మెట్రిక్యులేషను ముగించిన చంద్రశేఖర వేంకట రామనుగారు 1907 మొదలు కలకత్తాలో ప్రభుత్వోద్యోగము చేయుచు, తీరికవేళలలో డాక్టరు మహేంద్రలాల్ సర్కారుగారు 1876లో స్థాపించిన విజ్ఞానసంఘపు ప్రయోగశాలలో పరిశోధించి, 1930లో నోబెలు బహుమానమును పొందిరి. సర్కారుగారు 1904లోనే గతించిరి. వారు తెఱచియుంచిన తలుపున మూడేండ్లకు ఆ యువకుడు ప్రవేశించెను. అట్టి రామనుగారే 1933లో బెంగుళూరు విజ్ఞానసంస్థలో చేరవచ్చిన కమలా సోహోనీగారిని స్త్రీ యను కారణమున మొదట నిరాకరించిరి. ఆమె పట్టువిడువక చేరి, పనిచేసి చూపి, 1939లో కేంబ్రిడ్జిలో డాక్టరు పట్టమును పొందిరి. మహనీయునికి సైతము ఉండిన యీ పొరపాటును మన యింట కొనసాగింపనేల?

భాషనుగూర్చి తప్పక చెప్పవలెను. ఆంగ్లము వలదను పక్షము మాది కాదు. ఆ భాష లేక పై చదువులు కష్టమని మేమెఱుగుదుము. కాని బాలుడు ప్రశ్నించుట తనకు వచ్చిన భాషలోనే. "సారూ, మంచుగడ్డ నీటిపై తేలుటకు కారణమేమి?" యని అడుగబోయి, ఆంగ్లములో కూర్చుకొనలేక కూర్చుండిపోయిన బాలుడు మఱి లేవడు. తెలుగులో మాటాడినందుకు జరిమానా విధించు బడిలో ప్రశ్నకే జరిమానా పడుచున్నది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును వారి మిత్రులును 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి, చరిత్రతోబాటు ప్రకృతిశాస్త్రములను తెలుగున వ్రాయించిరి. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము శాస్త్రములనన్నింటిని ఉర్దూలో బోధించి చూపెను. ఉర్దూ అచ్చటి రైతుబిడ్డలలో పెక్కుమందికి మాతృభాష గాకపోవుట వేఱు సంగతి. దేశభాషకు శాస్త్రమును మోయు శక్తి గలదని మాత్రము తేలెను. పాఠము ఏ భాషలో నున్నను, ప్రశ్నను తెలుగులో నడుగనిచ్చు ఉపాధ్యాయుడున్నాడా యని విచారింపుడు.

ఇవన్నియు విచారించిన పిమ్మట చదువరులలో కొందఱకు ఆశ్చర్యము కలుగవచ్చును. మేము చూచిన బడులలో, శాస్త్రమున పట్టమును, శిక్షణమును పొంది డీఎస్సీ పరీక్షలో నెగ్గి వచ్చిన ఉపాధ్యాయులు ఎక్కువగా కానవచ్చినది మన వీథి చివరి సర్కారు ఉన్నత పాఠశాలలలోనే. లోపించినవి సామగ్రియు, అడుగువారును. అడుగగలవారు తమ బిడ్డలను తీసికొని వెడలిపోయిరి. మిగిలినవారు కూలినాలి చేసికొనువారు, అధికారుల ముందు నోరు మెదపజాలనివారు. తన యొక్క బిడ్డకు మంచి బడిని వెదకుకొనుట తండ్రి ధర్మమే. కాని ఊరిలోని నూఱు కుటుంబములు చెల్లించు రుసుములో పదియవ వంతు పూనికను ఆ బడిపై నుంచిన, వెదకుకొనవలసిన పనియే కొంత తగ్గును.

దీనికి చట్టమున దారి గలదు. పైని చెప్పిన విద్యాహక్కు చట్టపు 21వ సెక్షను ప్రకారము సర్కారు బడికిని, ప్రభుత్వ సహాయము పొందు బడికిని యాజమాన్యసంఘ ముండవలెను. అందు నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులు లేక సంరక్షకులు, సగము స్త్రీలు. పాఠశాల యభివృద్ధి ప్రణాళికను తయారుచేయు బాధ్యత 22వ సెక్షను సర్కారు బడి సంఘముపై నుంచినది. ఇంతవఱకు ఆ ప్రణాళికలలో ప్రహరీగోడకును, రంగులకును లెక్కలు వ్రాయబడుచున్నవి. పది త్రాసులకును, నాలుగు సూక్ష్మదర్శినులకును, కటకములకును, ఆమ్లముల సీసాలకును, ఏటేట తఱిగిపోవువానిని నింపుటకును ఎంత కావలయునో ఉపాధ్యాయునితో కూర్చుండి లెక్కకట్టి అందు చేర్పుడు. తాళపుచెవి ఎవరియొద్ద నుండవలెనో కూడ తీర్మానమున వ్రాయుడు. తీర్మానము వ్రాయ నెఱుగనివారికి వ్రాసిపెట్టుటకు ప్రతి పట్టణమునను వకీళ్లు కావలసినంతమంది కలరు. సాయంకాలములందు వారిలో పెక్కుమందికి పనియును లేదు.